రెండు గంటలు గంట కొట్టాలట!

థాంక్స్‌గివింగ్ దగ్గరపడిందంటే నాకొచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. అత్తాకోడళ్ల తగాదాలు, గ్రీన్ కార్డు దిగుళ్లు కాస్త వెనక్కి తగ్గి రోటరీ, లయన్స్‌లాంటి సర్వీస్ క్లబ్బులు, పేదల కోసం సరుకులు పోగుచేసే ఫుడ్ డ్రైవ్‌లు ముందుకొస్తాయి. ఒహాయోలో మా ఊరి క్లబ్‌లో నేను చేరి పదహారేళ్లయింది. అందుకే ఈ నెల ఆ ఉత్తరాలన్నీ ఒకచోట పెట్టుకుని కూర్చున్నాను.

ప్రశ్న: మావారు ఈ ఏడాదే ఇక్కడి సర్వీస్ క్లబ్‌లో చేరారు. డిసెంబర్‌లో ఒక శనివారం గ్రోసరీ స్టోర్ ముందు ఎర్ర డబ్బా పక్కన నిలబడి రెండు గంటలు గంట కొట్టాలట. భార్యాభర్తలిద్దరూ వస్తే బాగుంటుందన్నారు. వీడియో కాల్‌లో మా అత్తగారికి చెబితే, "అమెరికా వెళ్లింది అడుక్కోవడానికా?" అన్నారు. నాకూ సిగ్గుగానే ఉంది. పైగా నాది డిపెండెంట్ వీసా, హెచ్-4. వెళ్లొచ్చా అక్కా?
— ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. ఆవిడన్న మాటే మా అమ్మా అంది, ఇంకాస్త ఘాటుగా. "శ్రీరామనవమి పందిరికి చందా పుస్తకం పట్టుకుని నాన్న ఊరంతా తిరిగేవాడు కదా, ఆయన్నెవరైనా బిచ్చగాడన్నారా?" అని అడిగాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఆ మాట మాత్రం ఎత్తలేదు. మీ అత్తగారి దగ్గర ఇది పారుతుందో లేదో మీకే తెలియాలి.

ఆ ఎర్ర డబ్బా సాల్వేషన్ ఆర్మీ వాళ్లది. 1891లో శాన్ ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ మెక్‌ఫీ అని ఆ సంస్థ కెప్టెన్ ఒకాయన, వెయ్యి మంది పేదలకి క్రిస్మస్ భోజనం పెడతానన్నాడు. అన్నాడే గానీ చేతిలో డబ్బు లేదు. కుర్రతనంలో నావికుడిగా ఉన్నప్పుడు ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ రేవులో ఒక పెద్ద కుండ, దాంట్లో వచ్చేపోయేవాళ్లు చిల్లర వేయడం చూశాడట. అది గుర్తొచ్చి, ఓక్లాండ్ పడవలు ఆగే చోట పీతలు ఉడికించే గిన్నె ఒకటి వేలాడదీశాడు. ఇప్పుడు మీరు చూసే డబ్బాకి మూలం ఆ పీతల గిన్నే. ఇక్కడి సర్వీస్ క్లబ్బులు ఒక స్టోరు, ఒక రోజు తీసుకుని, సభ్యులకి గంట, రెండు గంటల చొప్పున పంచుతాయి. డబ్బాకి తాళం ఉంటుంది. మీరు డబ్బు ముట్టుకోరు, లెక్కపెట్టరు. ఆ టెన్షన్ లేదు.

ఇంకో సంగతి తెలిసే వెళ్లండి. పేరులో ఆర్మీ ఉన్నా సాల్వేషన్ ఆర్మీ ఒక క్రైస్తవ చర్చి. 1865లో లండన్‌లో విలియం బూత్ మొదలుపెట్టినదానికి కొనసాగింపు. నాకు అభ్యంతరం అనిపించలేదు. మా క్లబ్‌లో ఒకాయన మాత్రం "నేను రాను" అని చెప్పి ఆ శనివారం పేదలకి సరుకులు పంచే ఫుడ్ బ్యాంక్‌కి వెళ్తాడు. ఎవరూ ఏమీ అనరు, మిమ్మల్నీ అనకూడదు.

వీసా మాటకొస్తే, జీతంగానో గిఫ్ట్ కార్డుగానో మరే రూపంలోనో ప్రతిఫలం తీసుకోకుండా, మామూలుగా వాలంటీర్లే చేసే పనిని లాభాపేక్ష లేని సంస్థకి చేసిపెడితే అది ఉద్యోగం కిందికి రాదు. జీతమిచ్చి చేయించుకునే పనిని మనం ఊరికే చేసిపెట్టిన చోటే తంటా. గంట దగ్గర ఒక మెలిక ఉంది. క్లబ్బుల వాళ్లు రాని రోజుల కోసం చాలాచోట్ల జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకుంటారు. క్లబ్ తరఫున ఒక శనివారం నిలబడి చిక్కుల్లో పడ్డవాళ్లని నేనైతే చూడలేదు. కానీ నేను లాయర్ని కాను. గ్రీన్ కార్డు ఫైలు కదులుతున్న సమయమైతే మీ లాయర్‌కి ఒక మెయిల్ పడేయండి. అంతదాకా ఎందుకనుకుంటే ఫుడ్ బ్యాంక్‌లో సరుకులు సర్దే షిఫ్ట్ అడగండి. అది అచ్చంగా వాలంటీర్లు చేసే పనే.

ఇక సిగ్గు. నా మొదటి షిఫ్ట్‌కి మంచి కోటు, సన్నటి బూట్లు వేసుకుని వెళ్లాను. పదిహేను నిమిషాలకి కాళ్లు నావి కావు. చలి గాల్లోంచి వస్తుందనుకున్నాను గానీ కింద సిమెంటులోంచి పాకుతుందని అప్పుడే తెలిసింది. నాతో పాటు డ్యూటీ పడ్డ డెబ్బై ఏళ్ల పెద్దాయన, మా క్లబ్ పాత కాపు, మాట్లాడకుండా స్టోర్ లోపలికెళ్లి అట్టపెట్టె ఒకటి తెచ్చి, చించి, పరిచి "దీని మీద నిలబడు" అన్నాడు. అంతే, సగం చలి పోయింది. ఇప్పటికీ నా కారు డిక్కీలో ఒక అట్టముక్క ఉంటుంది. గంట ఎలా ఊపాలో చెప్పిందీ ఆయనే. మోచేయి కదపకుండా మణికట్టుతో చిన్నగా, ఆపి ఆపి కొట్టాలి. నేనేమో గుళ్లో హారతి వేళ కొట్టినట్టు వాయించేస్తున్నాను! స్టోర్‌లో పనిచేసే అమ్మాయి రెండుసార్లు తలుపు తీసి చూసి వెళ్లింది పాపం. వాళ్లు నెల రోజులు ఆ మోత భరించాలి.

జనం మన మొహం చూడకుండా, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని జారుకుంటారు. మొదట్లో మనసు చివుక్కుమంటుంది. వేసినా వేయకపోయినా అందరికీ ఒకేలా "హ్యాపీ హాలిడేస్" చెప్పాలని పెట్టుకుంటే అది తగ్గుతుంది. "క్యాష్ లేదు" అనేవాళ్లకి డబ్బా పక్కన బోర్డు మీదున్న క్యూఆర్ కోడ్ చూపించండి. నా అనుభవంలో ఖరీదైన కార్లోంచి దిగినవాళ్ల కంటే, కార్టులో నాలుగే వస్తువులున్నవాళ్లు ఎక్కువగా ఆగుతారు. ఒకసారి పనిబట్టల్లో వచ్చినాయన జేబులోని చిల్లరంతా వేసి, రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మడతపెట్టిన ఇరవై డాలర్ల నోటు వేశాడు. "పోయిన ఏడాది మా ఇంటికి సరుకులు మీరే ఇచ్చారు" అన్నాడు. నేనివ్వలేదు, నాకేం తెలీదు. అయినా తల ఊపాను.

ప్రశ్న: రోటరీ, లయన్స్, కివానిస్ అంటారు. మూడూ ఒకటేనా? మగవాళ్ల క్లబ్బులని విన్నాను, నిజమేనా?
— ఒక పాఠకురాలు, నార్త్ కరోలినా

జవాబు: వేరు వేరు సంస్థలు, స్వభావం ఒక్కటే. రోటరీ 1905లో చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మొదలుపెట్టింది. కివానిస్ 1915లో డెట్రాయిట్‌లో, లయన్స్ 1917లో పుట్టాయి. పేరులోని పెద్దరికం చూసి కాకుండా, మీ ఊళ్లో ఏ క్లబ్ ఏ పూట కలుస్తుంది, మీకు ఆ పూట కుదురుతుందా అని చూసి ఎంచుకోండి. పొద్దున్న ఏడింటికి కలిసే క్లబ్‌లో చేరి నాలుగు వారాలకే మానేసిన మనవాళ్లు నాకు ముగ్గురు తెలుసు.

కొంచెం తేడా చెప్పాలంటే, లయన్స్ వాళ్లకి కంటిచూపు పని ముఖ్యం. 1925లో వాళ్ల మహాసభకి చూపు, వినికిడి లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ వచ్చి, చూపులేనివాళ్ల తరఫున నిలబడే వీరులవ్వండని అడిగింది. పాత కళ్లద్దాలు వేసే లయన్స్ డబ్బాలు లైబ్రరీల్లో చూసే ఉంటారు. ఆ సభ జరిగింది మాకు రెండు గంటల దూరంలోని సీడార్ పాయింట్‌లో. ఇప్పుడది రోలర్‌కోస్టర్లకి పేరుపడ్డ చోటు. పిల్లల్ని తీసుకుని ఐదారుసార్లు వెళ్లాను, క్యూలో నిలబడి తిట్టుకున్నాను కూడా. ఈ సంగతి మాత్రం క్లబ్‌లో చేరాకే తెలిసింది.

ఆడవాళ్ల విషయం మీరు విన్నది ఒకప్పుడు నిజమే. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే చిన్న ఊరి రోటరీ క్లబ్ ఆడవాళ్లని చేర్చుకుందని 1978లో ఆ క్లబ్‌నే వెలివేశారు. కేసు సుప్రీం కోర్టుదాకా వెళ్లి 1987లో డ్వార్టే వాళ్లే గెలిచారు. మిగతా క్లబ్బులూ ఆ ఏడే తలుపులు తీశాయి. మా క్లబ్‌లో ఇప్పుడు సగం మంది ఆడవాళ్లమే. కాఫీ ఎవరు పెట్టాలన్న దగ్గర మాత్రం ఇంకా అందరి చూపూ మావైపే తిరుగుతుంది, దాని కోసం ఏ కోర్టుకి వెళ్లాలో.

ప్రశ్న: మావాడు పదకొండో క్లాసు. సర్వీస్ గంటలు 40 చూపించాలి. డిసెంబర్ సెలవుల్లో ఏదైనా క్లబ్‌లో ఒక పదిహేను గంటలు చేస్తాడు. మిగతావాటికి సంతకం పెట్టించే వీలుంటుందా? చదువు ఒత్తిడి చాలా ఎక్కువగా ఉంది.
— ఒక తండ్రి, న్యూజెర్సీ

జవాబు: పెట్టరు. దయచేసి అడగకండి. మీరడిగిన సంగతి క్లబ్ అంతా తెలుస్తుంది, ఆ తర్వాత వచ్చే మన పిల్లల్ని కూడా ఆ కళ్లతోనే చూస్తారు. మా క్లబ్‌లో ఇలాగే జరిగింది. ఆ తండ్రి మళ్లీ రాలేదు, ఆ పిల్లాడు మాత్రం మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పది వారాలు వచ్చాడు.

ఒక్క డిసెంబర్‌లో కుక్కాలని చూడటం వల్ల వచ్చే తిప్పలివి. స్కూల్లో కీ క్లబ్ ఉందేమో కనుక్కోండి. అది కివానిస్ వాళ్ల పిల్లల విభాగం, 1925లో సాక్రమెంటోలో మొదలైంది. రోటరీకి ఇంటరాక్ట్, లయన్స్‌కి లియో ఉన్నాయి. వాటిలో చేరితే గంటలు వాటంతటవే పోగవుతాయి.

డిసెంబర్‌కి మాత్రం మీవాడి వయసు పిల్లలే బాగా చేయగల పని ఒకటుంది. ఏంజెల్ ట్రీ గురించి వినే ఉంటారు. 1979లో వర్జీనియాలోని లించ్‌బర్గ్‌లో సాల్వేషన్ ఆర్మీ వాళ్లే మొదలుపెట్టారు. క్రిస్మస్ చెట్టుకి కాగితం చీటీలు కట్టి ఉంటాయి. ఒక్కో చీటీ మీద పిల్లో పిల్లాడో, వయసెంత, బట్టల సైజేంటి, ఏం కావాలి అని రాసుంటుంది. మనం చీటీ తెంపుకుని ఆ వస్తువు కొనిపెట్టాలి. నాలుగేళ్ల పిల్లల చీటీలు మొదటి వారమే ఖాళీ. బొమ్మలు కొనడం అందరికీ సరదా కదా. పదమూడు, పద్నాలుగేళ్ల వాళ్ల చీటీలే చివరిదాకా వేలాడుతుంటాయి. ఆ వయసు వాళ్లకి ఏం కొనాలో మనకి తెలిస్తేగా! పోయిన ఏడాది ఆఖరి వారంలో నేను తెంపిన చీటీ మీద "అబ్బాయి, 14. నల్ల బూట్లు, సైజు 11, జారనివి" అని ఉంది. పద్నాలుగేళ్లవాడికి జారని నల్ల బూట్లేంటా అని అరగంట ఆలోచించాను. మా క్లబ్‌కొచ్చే హైస్కూల్ అమ్మాయి చీటీ చూసి, "రెస్టారెంట్‌లో పనిచేస్తాడేమో ఆంటీ" అంది. మీవాణ్ణి ఆ చీటీల దగ్గర కూర్చోబెట్టండి. ఏ హెడ్‌ఫోన్స్ కొనాలి, ఏవి కొంటే పరువు పోతుంది అన్నది మాకంటే వాడికే బాగా తెలుసు.

పేద పిల్లల కోసం బొమ్మలు పోగుచేసే టాయ్స్ ఫర్ టాట్స్ డబ్బాల్లో వేసేవాళ్లకి కూడా ఒక మాట. అది 1947లో లాస్ ఏంజెలెస్‌లో మెరైన్ రిజర్వ్ సైనికులు మొదలుపెట్టిన పని, తొలి ఏడాదే 5,000 బొమ్మలు పోగుచేశారు. అక్కడ కొత్త బొమ్మలే తీసుకుంటారు, అదీ రంగు కాగితం చుట్టకుండా. లోపల ఏముందో కనపడకపోతే ఏ వయసు వాళ్లకివ్వాలో సర్దేవాళ్లకి తెలియదు. ముచ్చటపడి ప్యాక్ చేసి ఇస్తే వాళ్లు కూర్చుని విప్పుకోవాలి.

ప్రశ్న: క్లబ్ ఫుడ్ డ్రైవ్‌కి ప్యాంట్రీలో ఉన్నవన్నీ మూడు సంచులు సర్ది ఇచ్చాను. సగం వెనక్కిచ్చారు. ఇండియన్ సరుకులనే చిన్నచూపా?
— ఒక పాఠకురాలు, ఇల్లినాయ్

జవాబు: నేనూ సరిగ్గా ఇలాగే అలిగాను. నా తొలి ఏడాది ఇరవై పౌన్ల కందిపప్పు సంచి కొని, ఇంట్లో కూర్చుని జిప్‌లాక్ కవర్లలో పౌను చొప్పున పోసి, ఇరవై ప్యాకెట్లు అందంగా సర్ది పట్టుకెళ్లాను. ఫుడ్ బ్యాంక్ అమ్మాయి సారీ చెబుతూ ఇరవైకి ఇరవై పక్కన పెట్టేసింది. ఇంటికొచ్చి మావారి మీద అరిచాను, ఆయనకేం సంబంధం లేకపోయినా. తర్వాత చల్లబడ్డాక ఆమె చెప్పింది గుర్తొచ్చింది: లేబుల్ లేదు. లోపల ఏముందో, ఎవరు ప్యాక్ చేశారో, అలర్జీ కలిగించేవి ఏమైనా కలిశాయో రాసి లేని సరుకు ఎవరి చేతిలోనూ పెట్టలేరు. మరుసటి ఏడాది అదే కందిపప్పు కంపెనీ సీలుతో ఉన్న రెండు పౌన్ల ప్యాకెట్లు ఇస్తే కళ్లకద్దుకుని తీసుకున్నారు.

మీ సంచుల్లోంచి వెనక్కొచ్చినవి చూడండి. సీల్ విప్పినవి, ఇంట్లో చేసిన పచ్చళ్లు, పొడులు, సొట్టపడి అంచు దగ్గర ఉబ్బిన టిన్నులు అయ్యుంటాయి. డబ్బాల మీదుండే "బెస్ట్ బై" తేదీ చాలావరకు నాణ్యత గురించే, దాటగానే విషమైపోదు. ఆ తేదీ దాటిన కొన్నింటిని ఫుడ్ బ్యాంకులు తీసుకుంటాయి కూడా. పసిపిల్లల ఫార్ములా పాలపొడి మాత్రం తేదీ దాటితే ముట్టుకోరు. మంచి మనసుతో ఇచ్చిన ఆహారం వల్ల ఏమైనా జరిగితే ఇచ్చినవాళ్ల మీద కేసు పడకుండా కాపాడే చట్టం 1996 నుంచి ఉంది, తెలిసీ నిర్లక్ష్యం చేస్తే తప్ప. అందుకని ఆ భయం పెట్టుకోకండి.

నన్నడిగితే సరుకుల కంటే డబ్బు ఇవ్వండి. ఫుడ్ బ్యాంక్ అనే పద్ధతినే 1967లో ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదలుపెట్టాడు. స్టోర్లు పారేసే సరుకుని ఒకచోట చేర్చి, అవసరమైనవాళ్లకి పంచడం అందులో కీలకం. వాళ్లకి టోకు ధరలు, ఉచితంగా వచ్చే సరుకులు ఉంటాయి. మనం రిటైల్‌లో ఒక డబ్బా కొనే డబ్బుతో వాళ్లు అంతకంటే ఎక్కువే తెచ్చుకుంటారు. అయినా పిల్లలకి చెక్ రాయడం కనపడదు, డబ్బా మోయడం కనపడుతుంది. అందుకని మా ఇంట్లో రెండూ చేస్తాం. టిన్నులిస్తే మూత చేత్తో లాగి తీసేవి ఇవ్వండి. కారులో నిద్రపోయేవాళ్ల దగ్గర ఓపెనర్ ఎక్కడుంటుంది?

ప్రశ్న: వాలంటీర్ చేసిన గంటలకి టాక్స్‌లో ఏమైనా తగ్గుతుందా?
— ఒక పాఠకుడు, వర్జీనియా

జవాబు: గంటలకి పైసా రాదు, మీ కన్సల్టింగ్ రేటు గంటకెంతైనా సరే. సొంత కారులో వెళ్తే మైలుకి 14 సెంట్లు చూపించుకోవచ్చు. 2025 టాక్స్ ఏడాదికైతే అదీ ఐటమైజ్ చేసేవాళ్లకే, అంటే మినహాయింపులు విడివిడిగా చూపించుకునేవాళ్లకే ఉండేది. ఆ 14 సెంట్లు ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాయి, పెట్రోలు ధర సంగతి వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. విరాళం 250 డాలర్లు, ఆ పైన అయితే సంస్థ ఇచ్చిన రసీదు దగ్గర పెట్టుకోండి. చెక్ రాసేముందు ఒకటి గమనించండి: చాలా సర్వీస్ క్లబ్బులు టాక్స్ చట్టంలో 501 సి 4 అనే సెక్షన్ కింద ఉంటాయి, వాటికిచ్చింది మినహాయింపుకి రాదు. క్లబ్‌కి అనుబంధంగా మినహాయింపు వచ్చే 501 సి 3 ఫౌండేషన్ ఉంటే చెక్ దాని పేరు మీద రాయండి. మా ట్రెజరర్ ఈ మాట ప్రతి నవంబర్‌లోనూ చెబుతాడు, ప్రతి నవంబర్‌లోనూ ఇద్దరు తప్పు పేరే రాస్తారు.

ప్రశ్న: థాంక్స్‌గివింగ్ రోజు భోజనం వడ్డించే పనికి కుటుంబమంతా వెళ్దామనుకున్నాం. మూడు చోట్ల అడిగాం, అన్నీ నిండిపోయాయన్నారు. సేవ చేస్తామన్నా వద్దంటారా? పిల్లలు బాగా నిరుత్సాహపడ్డారు.
— ఒక పాఠకురాలు, జార్జియా

జవాబు: వద్దనడం కాదమ్మా, మీలాగే ఊరంతా ఆ ఒక్క రోజే వస్తానంటుంది. చాలాచోట్ల సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే ఆ షిఫ్టులు అయిపోతాయి. మా క్లబ్ కూడా ఇందుకు తక్కువ తినలేదు. ఒక థాంక్స్‌గివింగ్‌కి ఎనిమిది మంది చాలన్న వంటశాలకి ఇరవై ముగ్గురం వెళ్లాం. గరిటె పట్టుకోవడానికి మేమే క్యూ కట్టాం. తినడానికి వచ్చినవాళ్లు ప్లేట్లు పట్టుకుని మేం ఫొటోలు దిగేదాకా ఆగారు. ఆ ఫొటో ఇప్పటికీ మా క్లబ్ గోడ మీదుంది. నేనందులో బాగానే నవ్వుతున్నాను, అదీ నా బాధ.

మరుసటి మీటింగ్‌లో ఆ వంటశాల మేనేజర్ని పిలిచి, మీకేం కావాలి అని అడిగాం. పదహారేళ్లలో క్లబ్ మొదటిసారి ఆ ప్రశ్న అడగడం చూశాను. ఆవిడ చెప్పిన జాబితాలో వడ్డన లేనే లేదు. పెద్దవాళ్ల సైజు సాక్స్ కావాలంది. డిసెంబర్ 26న అట్టపెట్టెలు చదును చేసి రీసైక్లింగ్‌కి మోసేవాళ్లు కావాలంది. జనవరిలో ఎవరైనా సరే కావాలంది.

మీరు మీ ఊళ్లో అదే అడగండి. పిల్లల వయసు ముందే చెప్పండి, వంటశాలల్లో, గిడ్డంగుల్లో వయసు నిబంధన ఉంటుంది, ఒక్కోచోట ఒక్కోలా. అక్కడ కుదరనంత చిన్నవాళ్లయితే మీల్స్ ఆన్ వీల్స్ వాళ్లు ఇంటికి భోజనం తెచ్చిచ్చే పెద్దవాళ్ల కోసం ఇంట్లోనే కూర్చుని కార్డులు గీయమనండి. కొన్నిచోట్ల వాటిని ట్రేలతో పాటు పంపుతారు.

మేమిప్పుడు జనవరి నుంచి మార్చిదాకా మంగళవారం సాయంత్రాలు ఫుడ్ బ్యాంక్‌కి వెళ్తున్నాం. పోయిన జనవరి రెండో మంగళవారం మంచు పడింది, నలుగురమే తేలాం. గిడ్డంగి తలుపు దగ్గర క్యారెట్లు వచ్చి ఉన్నాయి, యాభై పౌన్ల సంచులు. వాటిని మూడేసి పౌన్లుగా చిన్న సంచుల్లోకి మార్చాలి. చేతి తొడుగులు వేసుకుంటే సంచి మూతి ముడి పడదు, తీసేస్తే వేళ్లు కొంకర్లు పోతాయి. ఒక చేతికి వేసుకుని ఒక చేతికి తీసేశాను. తొమ్మిదిన్నరకి పదకొండు సంచులయ్యాయి. ఇంకా ఇరవై పైనే మిగిలాయి, వాటిని బుధవారం వాళ్లకి వదిలి వచ్చేశాం.